రెండవ మారు వచ్చిన ఆజ్ఞ

(పాఠ్యభాగము: యోనా గ్రంథము, 1 నుండి 4 అధ్యాయములు)

యోనా పేరు వినగానే బాలబాలికలు గొప్ప మత్స్యమునే తలంచుదురు. ఈ గ్రంథమున 48 వచనములు గలవు. వానిలో మత్స్యము ప్రస్తావన మూడు వచనములందే కానవచ్చును. తక్కినదంతయు ఒక ఆజ్ఞను గూర్చియు, దానిని మీరిన సేవకునికి లభించిన రెండవ తరుణమును గూర్చియు చెప్పుచున్నది. యూదులు తమ ప్రాయశ్చిత్త దినమున మధ్యాహ్నారాధనలో దీనిని నేటికిని చదువుచున్నారు. కావున విద్యార్థులు దీనిని వింతకథగా విడిచిపెట్టక, శ్రద్ధతో చదువవలెనని మేము కోరుచున్నాము.

1. పారిపోయిన ప్రవక్త

యోనా గత్హేపెరు ఊరివాడు, అమిత్తయి కుమారుడు. రెండవ యరొబాము ఏలుబడిలో, అనగా క్రీస్తుకు పూర్వము 8వ శతాబ్దమున, ఇశ్రాయేలు సరిహద్దులు తిరిగి విశాలమగునని ఇతడు ప్రవచించినట్లు రాజుల రెండవ గ్రంథము 14వ అధ్యాయమున నున్నది. స్వదేశమునకు మేలు కలుగునని చెప్పుటకు అతడు వెనుదీసినట్లు ఎచ్చటను లేదు. అష్షూరీయుల మహాపట్టణమైన నీనెవెకు పొమ్మని సెలవైనపుడు మాత్రము అతని పాదములు వేరు దారి పట్టినవి. నీనెవె తూర్పున, టైగ్రీసు నదియొడ్డున నుండెను. అతడు యొప్పే రేవునకు దిగి, కేవు చెల్లించి, పడమటి సముద్రముమీద తర్షీషునకు ఓడ యెక్కెను.

తుపాను లేచినపుడు అన్యులైన నావికులు తమ తమ దేవతలను ప్రార్థించుచుండగా దేవుని ప్రవక్త ఓడ దిగువను నిద్రించుచుండెను. తనవలననే ఈ ఆపద వచ్చెనని అతడొప్పుకొనిన తరువాతను వారు అతనిని వెంటనే నీటిలో పడవేయక, దరి చేర్చుటకు తెడ్లు వేసి పాటుపడిరి. ఎరుగని యొక మనుష్యుని ప్రాణమునకై వారంత శ్రమపడిరి. యోనాయో, ఒక మహాపట్టణపు జనమును గూర్చి చింతింపకయే బయలుదేరియుండెను.

2. ఆజ్ఞ మారలేదు

మత్స్యగర్భమున మూడు దినములు గడచెను. యోనా ప్రార్థించెను, పొడినేల చేరెను. అంతట దేవుని వాక్కు రెండవ మారు వచ్చెను. ఇచ్చట మనము గమనింపవలసినది యేమనగా, పట్టణము అదియే, పని అదియే. దేవుడు అతనిని త్రోసివేయలేదు. అతని కొరకు పనిని తేలిక చేయనును లేదు. క్షమించుట వేరు, కర్తవ్యమును తగ్గించుట వేరు. పరీక్షలో తప్పిన విద్యార్థికి మరల కూర్చొనుటకు సెలవు దొరకును గాని, చదువవలసిన పాఠములు అవియే గదా!

ఈసారి యోనా లోబడెను. నలువది దినములలో పట్టణము నాశనమగునని అతడు చాటిన ప్రకటన హెబ్రీ భాషలో అయిదు మాటలే. అందు ఓదార్పు లేదు. అయినను ఘనులు మొదలుకొని అల్పులవరకు జనులు దేవుని నమ్మిరి. రాజు సింహాసనము దిగి గోనెపట్ట కట్టుకొని బూడిదెలో కూర్చుండెను. పట్టణము తప్పించుకొనెను.

3. సొరచెట్టు నీడ

ఇంతటితో కథ ముగిసినయెడల ఎంతో బాగుండునని మనకు తోచును. గాని యోనాకు కోపము వచ్చెను. దేవుడు దయాళుడని యెరిగియే తాను మొదట పారిపోతినని అతడే చెప్పుకొనెను. ఆ జనులు క్షమింపబడుదురేమోయను సంగతియే అతనికి సహింపరానిదాయెను. తాను సముద్రములోనుండి విడిపింపబడిన సంగతి అతనికి అప్పుడు జ్ఞప్తికి రాలేదు.

దేవుడు ఒక సొరచెట్టు నీడ నిచ్చి, మరునాడు పురుగుచేత దానిని వాడజేసెను. చెట్టుకొరకు దుఃఖించిన యోనాను, కుడియెడమలెరుగని లక్షయిరువదివేలకు పైబడిన మనుష్యులును పశువులునుగల పట్టణమును గూర్చి తాను విచారపడవద్దా యని దేవుడడిగెను. గ్రంథము ఆ ప్రశ్నతోనే ముగియుచున్నది. యోనా యేమి ప్రత్యుత్తరమిచ్చెనో వ్రాయబడలేదు.

ఆ ప్రత్యుత్తరము మనమే చెప్పవలసియున్నది. తనకు రెండవ తరుణము కావలెనని ప్రతివాడును వేడుకొనును. అయితే వసతిగృహమున ఒకసారి అబద్ధమాడి శిక్షపొందిన బాలుని, ఏడాది గడచినను అబద్ధికుడనియే పిలుచుచున్నామా? ఒక సంవత్సరము తప్పిన కుమారుని ఆ మాటతోనే దినదినము పొడుచుచున్నామా? ఇది విద్యార్థులకే గాక తలిదండ్రులకును ఉపాధ్యాయులకును చెప్పబడిన పాఠము.

4. ఒక హెచ్చరిక

నీనెవె చరిత్ర ఆ దినముతో ముగియలేదు. క్రీస్తుకు పూర్వము 612లో బబులోనీయులును మాదీయులును దానిని పట్టుకొని పాడుచేసిరి. దాని దిబ్బలు ఇరాకు దేశమున మోసూలు పట్టణమువద్ద నేటికిని కానవచ్చును. తండ్రుల పశ్చాత్తాపము కుమారులకు ఆస్తివలె సంక్రమింపదు. ప్రతి తరమువారును తామే లోబడవలెను. దేవుడు మరల పిలుచునని నమ్మి నేటి ఆజ్ఞను రేపటికి త్రోయువాడు ఆయన దయను తప్పుగా గ్రహించినవాడగును.

కావున ప్రియ విద్యార్థులారా, తప్పిపోయినవారు నిరాశపడకుడి. పిలువబడినవారు ఆలస్యము చేయకుడి. క్షమింపబడినవారు ఇతరుల క్షమాపణనుబట్టి సంతోషించుడి.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. నావికులయందు కనబడిన యే సుగుణము యోనాయందు కొరవడెను?
2. మొదటి ఆజ్ఞకును రెండవ ఆజ్ఞకును భేదమేమి?
3. మీరు యోనా స్థానమున నున్నయెడల దేవుని కడపటి ప్రశ్నకు ఏమి ప్రత్యుత్తరమిత్తురు?