తల్లి లేని శివుఁడు, ఇంటనున్న జేజి

పాల్కురికి సోమనాథుఁడు ద్విపదలో రచించిన బసవపురాణమందు బెజ్జ మహాదేవి కథ కలదు. శివునకు తల్లి లేదని జాలిపడి, ఆమె ఆయనను పసిబిడ్డగా భావించి, నీళ్లుపోసి పాలిచ్చి సాకెను.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల మన గృహములలో ఇట్టి కథలు చెప్పి, మనుమనికి విభూతి దిద్ది, ఇష్టలింగమును అరచేత నిలుపుట నేర్పునది జేజియే. కొడుకులు బెంగుళూరు, హైదరాబాదులకు చేరిన పిదప, పూజావేళ వణకు ఆమె చేతికి తోడెవ్వరు?

ముదిమి రెండవ శైశవము. తల్లి లేని శివునకు తల్లియైన భక్తురాలిని కొనియాడు మనము, పసిబిడ్డవంటి జేజికి తల్లులము కావలెను గదా! దాసోహము మఠమునకంటె ముందు ఇంటి వృద్ధుల విస్తరివద్ద ఆరంభమగును. సెలవులకు వచ్చిన మనుమఁడు ఆమె అరచేతి క్రింద తన అరచేయి ఉంచిననాఁడు, ఆ పూజ ఇరువురిదియు నగును.