దంత వైద్యులకు నిరంతర విద్య: చట్టాలు, సంస్థలు

హనుమకొండ జిల్లా హసన్‌పర్తిలో పంటి క్లినిక్‌కి వెళ్తే గోడ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు వెతకండి. దాన్ని క్లినిక్‌లోనూ, మందుల చీటీ మీదా చూపాలన్నది వృత్తి నియమావళి. ఆ నంబరు వెనకున్న చట్టాలే పరీక్షకు కీలకం.

గుర్తుంచుకోండి

- దంత వైద్యుల చట్టం: 1948. దీని కింద 1949లో భారత దంత వైద్య మండలి (డీసీఐ) ఏర్పడింది.
- నమోదయ్యేవారు: దంత వైద్యులు, డెంటల్ హైజీనిస్టులు, డెంటల్ మెకానిక్‌లు.
- నిరంతర దంత విద్య (సీడీఈ): పట్టాతో చదువు ముగియదు. సదస్సులు, వర్క్‌షాపులకు హాజరైతే పాయింట్లు వస్తాయి. కొత్త పరికరాలు, మందులు, ఇన్ఫెక్షన్ నియంత్రణ పద్ధతులు తెలుసుకోవడమే లక్ష్యం.
- జాతీయ దంత కమిషన్ చట్టం: 2023. పాత చట్టం స్థానంలో పార్లమెంటు ఆమోదించింది. ఇందులో మూడు బోర్డులు: విద్య, మదింపు-రేటింగ్, నైతికత-రిజిస్ట్రేషన్.
- తెలంగాణ: దంత కళాశాలలకు అనుబంధం ఇచ్చేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం.
- జాతీయ దంత వైద్యుల దినోత్సవం: డిసెంబరు 24, డాక్టర్ ఆర్. అహ్మద్ జయంతి. 1920లో కలకత్తాలో దేశపు తొలి దంత కళాశాల స్థాపించింది ఆయనే.

మాదిరి ప్రశ్న

జాతీయ దంత కమిషన్ చట్టం ఏ సంవత్సరపు చట్టం స్థానంలో వచ్చింది?
ఎ) 1956 బి) 1948 సి) 2019 డి) 1940
జవాబు: బి

తికమక పడొద్దు: 2019 నాటిది జాతీయ వైద్య కమిషన్ చట్టం, దంత వైద్యానిది కాదు.