మర్మాంగపు బిగుతు గాయములు: తక్షణ చికిత్స

నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుపడు ప్రమాదములు కొన్ని కలవు. వయోజనుడైన పురుషుని అంగమునకు లోహపు ఉంగరము, నట్టు, రబ్బరు పట్టీ, దారము, సీసా మూతి వంటి వస్తువు బిగుసుకొనిపోవుట అట్టిది. బిడియముచే రోగి ఒకటి రెండు దినములు దాచును. ఆ ఆలస్యమే అసలు అపాయము. కావుననే ఈ విషయమును పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుచున్నాము.

అపాయమెట్లు కలుగును? బిగుతు వలన మొదట చెడురక్తము వెనుకకు మరలదు, అంగము వాచును. వాచినకొలది బిగుతు హెచ్చును. తుదకు మంచిరక్తము సయితము లోనికి పోజాలదు. మూత్రము బంధింపబడును. స్పర్శ నశించి, చర్మము నల్లబడి, కండ కుళ్లును. మూత్రనాళమునకు రంధ్రము పడవచ్చును. కొన్ని గంటలలోనే ఈ హాని ఆరంభము కావచ్చును.

చేయవలసినవి: రోగిని వెల్లకిల పరుండబెట్టి, వెంటనే 108కు ఫోను చేయవలెను. దారము గాని రబ్బరు గాని పైకి స్పష్టముగ కనబడుచు, చర్మమునకు తగులకుండ తెగునట్లున్నచో మొండిమొన కత్తెరతో కత్తిరింపవచ్చును. అటుపిమ్మటను వైద్యునకు చూపవలెను. గుడ్డలో చుట్టిన మంచుగడ్డను కొద్ది నిమిషములు ఆనింపవచ్చును. ఏ వస్తువు ఎప్పుడు బిగిసినది, చివరిసారి మూత్రమెప్పుడు వచ్చినది వైద్యునకు తెలుపవలెను. మత్తు ఈయవలసి రావచ్చును గనుక ఆహారము పెట్టరాదు.

చేయరానివి: బలవంతముగ లాగరాదు. ఇంటివద్ద రంపముతోను ఆకురాయితోను కోయరాదు. వేడి కాపడము పెట్టరాదు. పసరులు పూయరాదు.

ఆసుపత్రిలో మత్తు ఇచ్చి, దారము వరుసగా చుట్టి వాపును అణచి, వస్తువును జార్చి తీయుదురు. సాధ్యము కానిచో చర్మమునకు రేకు అడ్డుపెట్టి, నీటితో చల్లార్చుచు లోహమును కోయుదురు. మందమైన ఉక్కునకు అగ్నిమాపక దళము వారి పనిముట్లను తెప్పించుటయు కలదు. మూత్రము బంధించినచో పొత్తికడుపు నుండి తీయుదురు. సకాలమున వచ్చినవారిలో పెక్కురు చక్కగా కోలుకొందురు.

ప్రాణాపాయములో నున్నవానికి ప్రభుత్వ వైద్యుడైనను ప్రయివేటు వైద్యుడైనను తక్షణ చికిత్స చేసితీరవలెనని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కేసు భయముతో ఆగవలసిన పనిలేదు.

సభ్యులకు మా మనవి ఒక్కటే. ఇట్టి కబురు మీ చెవిని పడినచో కారణము విచారింపకుడు, నవ్వకుడు, మరియొకరికి చెప్పకుడు. అర్ధరాత్రియైనను వాహనము చూపి, రోగిని ఆసుపత్రికి చేర్చుడు. మీరు కాపాడిన గుట్టు వలన, రేపు అట్టి ఆపదలో పడిన మరియొకడు దాచక మీ వద్దకు వచ్చును.