ఖాడీకి చోటివ్వండి

మగ్గాల పని మీద తెలంగాణ నుంచి సూరత్ వచ్చి, డిండోలిలోనే ముసలివాణ్నయ్యాను. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు నీళ్ల గురించి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి.

1. ఖాడీని మురికికాలువ అనకండి. అది వాననీళ్ల దారి. ఎగువన బార్డోలి, పల్సాణా వైపు దంచికొడితే, ఇక్కడ చినుకు లేకున్నా మీఠీ ఖాడీ పొంగి లింబాయత్ గల్లీల్లోకి వస్తుంది. పల్లపు నేలలు ఖాళీగా ఉంటే ఆ నీళ్లు పరుచుకుంటాయి, కొంతసేపు ఆగుతాయి, కొంత ఇంకుతాయి. ప్రకృతి చేసే పని అది. మన ఇల్లు మునగకపోవడం ఆ పనివల్ల మనకందే మేలు. పల్లం పూడ్చి ప్లాట్లు వేసి, మేలు మాత్రం కావాలంటే ఎట్లా వస్తుంది?

2. 2006 ఆగస్టులో తాపీ నది మీది ఉకాయ్ డ్యామ్ నుంచి తొమ్మిది లక్షల క్యూసెక్కుల దాకా వదిలారు. సూరత్‌లో చాలా భాగం మునిగింది. వానాకాలం మధ్యలోనే జలాశయం నింపుకుంటే వరదకు చోటెక్కడిదని అప్పుడు గట్టిగా విమర్శలొచ్చాయి. నా లెక్కలో ఖాడీ విషయంలోనైనా డ్యామ్ విషయంలోనైనా అడగాల్సిన ప్రశ్న అదే.

3. తెలంగాణలో మన పెద్దలు చెరువుకు అలుగు పెట్టారు, నిండినప్పుడు నీళ్లు పరుచుకునేందుకు శిఖం భూమి వదిలారు. ఎండాకాలం పూడిక మట్టిని బండ్లకెత్తి చేలల్లో పోసేవాళ్లు. చెరువుకు లోతు, చేనుకు బలం. 2015లో అక్కడ మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలోనూ పూడిక మట్టి పొలాలకే వెళ్లింది.

4. మురికిని తినేది కంటికి కనబడని జీవులు. శుద్ధి కేంద్రంలో తొట్టి అడుగునుంచి గాలి బుడగలు కొడతారు, గోధుమరంగు నీళ్లు ఉడుకుతున్నట్టు తెర్లుతుంటాయి. ఆ గాలితోనే ఆ జీవులు బతికి మురికిని తింటాయి. ఖాడీలోకి అద్దకం నీళ్లు నేరుగా వదిలితే వెలుతురు లోపలికి దిగదు, నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, కంపు లేస్తుంది.

5. సూరత్ కార్పొరేషన్ 2014లో బమరోలిలో, మురుగునీటిని మరింత శుద్ధిచేసి పాండేసరా మిల్లులకు అమ్మే ప్లాంటు పెట్టింది. రోజుకు నాలుగు కోట్ల లీటర్ల సామర్థ్యం. మిల్లు ఎంత శుద్ధినీరు వాడితే తాపీలో అంత మంచినీళ్లు మిగులుతాయి. నేను మనసారా మెచ్చుకునే పని ఇది.

6. బతుకమ్మలో తంగేడు, గునుగు నీళ్లలో కుళ్లి కలిసిపోతాయి. థర్మాకోల్, ప్లాస్టిక్ పూలు వద్దు తల్లీ.

7. చెరువు చుట్టూ బెంచీలు, లైట్లు వేస్తామని ఎవరైనా వస్తే, నీళ్లు ఎటునుంచి వస్తాయి, ఎటు పోతాయి, అడుగున మట్టి ఉంచుతారా, సిమెంటు పోస్తారా అని ముందు అడగండి.