వ్యవసాయ విద్యుత్ లైన్ల పరిశీలనలో వైర్‌లెస్ సెన్సార్లు

పొలాల మీదుగా సాగే 11 కిలోవోల్టుల లైన్లలో అధిక భాగం తొడుగు లేని అల్యూమినియం తీగలతో నిర్మితమైనవే. గాలివానకు తీగ తెగి నేలపై పడిన వెంటనే సబ్‌స్టేషన్‌లో సరఫరా నిలిచిపోతుందని రైతులు విశ్వసిస్తారు. అన్ని సందర్భాలలోనూ ఆ విధంగా జరుగదు.

సమస్య స్వరూపం

11 కిలోవోల్టుల లైనులో ఒక ఫేజుకు, భూమికి మధ్య వోల్టేజి సుమారు 6,350 వోల్టులు. తెగిన తీగకు, నేలకు మధ్య నిరోధం 500 ఓమ్‌లు ఉన్నచో ప్రవహించే కరెంటు 13 ఆంపియర్లకు మించదు. మోటార్లు నడిచే వేళ ఫీడరుపై లోడు 100 ఆంపియర్లు దాటవచ్చు. కావున ఓవర్‌కరెంట్ రిలే ఈ స్వల్ప మార్పును గుర్తింపజాలదు. తక్కువ కరెంటుకే స్పందించే ఎర్త్‌ఫాల్ట్ రిలే సైతం పొడి ఇసుక నేలల్లో పనిచేయకపోవచ్చు. అంతేగాక, మోటార్ల వైపు పడిన తీగముక్కకు మిగిలిన రెండు ఫేజుల నుండి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల ద్వారా విద్యుత్తు చేరగలదు.

సెన్సార్ల పనితీరు

తీగకు బిగించే ఈ పరికరం తీగ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం నుండే తనకు కావలసిన శక్తిని గ్రహిస్తుంది. కరెంటును, తీగ ఉష్ణోగ్రతను, వాలును కొలిచి, 865–867 మెగాహెర్ట్జ్ వంటి లైసెన్సు అవసరం లేని పౌనఃపున్యాలలో సమాచారాన్ని పంపుతుంది. ఒక స్థానం దాటిన తరువాత ఒకే ఫేజులో కరెంటు శూన్యమై, మిగిలిన రెండింటిలో కొనసాగినచో, ఆ రెండు సెన్సార్ల నడుమ తీగ తెగినట్లు భావించవచ్చు. లైను పొడవునా రాత్రివేళ వెదకవలసిన శ్రమ దీనివలన తగ్గుతుంది.

పరిమితులు

వ్యవసాయ ఫీడర్లకు రోజులో కొన్ని గంటలే సరఫరా ఉన్నచోట సెన్సారుకు శక్తి లభించదు. అందువలన బ్యాటరీ లేదా సూపర్ కెపాసిటర్ అవసరం. లైను చివర లోడు అత్యల్పంగా ఉన్నప్పుడు కరెంటు కొలతపై మాత్రమే ఆధారపడరాదు. వాలు కొలత తోడు కావాలి. సెన్సారు సమాచారమే ఇస్తుంది. సరఫరాను నిలిపివేయుటకు బ్రేకరుతో అనుసంధానం తప్పనిసరి.

విస్తరణ కార్యకర్తలకు సూచన

సెన్సార్లు ఉన్న లైను క్రింద కూడా జాగ్రత్త సడలరాదు. మోటారు ఆగినంత మాత్రాన తెగిన తీగలో విద్యుత్తు లేదని నిర్ధారించరాదు. రైతులు దూరంగా ఉండి, పశువులను అటు పోనీయక, 1912 నంబరుకు తెలియజేయాలి. సిబ్బంది లైనును ఎర్త్ చేసిన పిదపనే తీగను సమీపించాలి. ఈ విషయం ప్రతి రైతు శిక్షణలోనూ చేరవలసి ఉన్నది.