జర్మను భాషలో విశేషణముల తుదలు

1842వ సంవత్సరము జూలై 31వ తేదీన గుంటూరునకు వచ్చి లూథరను మిషను నెలకొల్పిన రెవరెండు హయ్యరు దొరగారు అమెరికానుండి పంపఁబడినవారైనను, పుట్టినది జర్మనీయందలి హెల్మ్‌ష్టెట్ పట్టణమున. నేఁడు మన గుంటూరు, ప్రకాశము జిల్లాల యువజనులలోఁ గొందఱు పైచదువులకై ఆ దేశమున కేఁగఁగోరి యచటి భాష నేర్చుచున్నారు. వారిలోఁ బలువురు విశేషణముల పట్టికలకడఁ గూలఁబడుదురు. పట్టికలు మూఁడు, గళ్లు 48. వల్లించినవాఁడు తగిన గడిని వెదకుకొనులోపల ఎదుటివాఁడు వెడలిపోవును! కావున ఆ పట్టికలకు మూలమైన సంగతిని వ్రాయుచున్నాము.

మన తెలుఁగున విశేష్యమునకు ముందున్న విశేషణము కదలదు. మంచి బాలుఁడు, మంచి బాలిక, మంచి ప్రత్తితో: అన్నిటను "మంచి" యొక్కటియే. వాక్యాంతమునకుఁ బోయినపుడు మాత్రము బాలుఁడు మంచివాఁడు, ప్రత్తి మంచిది, బాలురు మంచివారు అని మాఱును. జర్మనులో నిది తలక్రిందు. వాక్యాంతమున "గూట్" ఎల్లరకును "గూట్" గానే యుండును. విశేష్యమునకు ముందు నిలిచినపుడే తుద మాఱును.

ఏల మాఱును? ఆ భాషలో ప్రతి విశేష్యమునకును మూఁడు లింగములలో నొకటి కలదు. అది యూహ కందునది కాదు. ప్ఫెఫర్, అనఁగా మిరియము, పుంలింగము. బౌమ్‌వొలె, అనఁగా ప్రత్తి, స్త్రీలింగము. మాటకు మాటగా నిది "చెట్టు ఉన్ని". టూఖ్, అనఁగా వస్త్రము, నపుంసకము. ఈ లింగమును విభక్తిని ముందున్న మాటలలో నొకటి చూపవలెను. డేర్, డీ, డాస్ అను ఉపపదములు చూపినచో విశేషణము విశ్రమించును. అవి లేనిచో భారము దానిపైఁ బడును. మిరపచేని కావలివాండ్రిరువురలో నొకఁడు మేలుకొన్నచో రెండవవాఁడు నిదురించునుగదా!

"డేర్ రోటె ప్ఫెఫర్" అనఁగా ఎఱ్ఱ మిరియము. డేర్ తీసివేసినచో "రోటెర్ ప్ఫెఫర్" అగును. డేర్‌లోని రేఫము విశేషణముపై వ్రాలినది. అటులే "డాస్ వైసె టూఖ్", "వైసెస్ టూఖ్", తెల్లని వస్త్రము. "ఒక" యను అర్థమిచ్చు "ఐన్" ఇచట లింగము చూపదు. కావున "ఐన్ వైసెస్ టూఖ్" అనియే యనవలెను. దీనిని మఱచువారే యెక్కువ.

విశ్రమించిన విశేషణమునకు రెండే తుదలు. ప్రథమైకవచనమున నన్ని లింగములకును, ద్వితీయైకవచనమున స్త్రీ నపుంసకములకును "ఎ". తక్కిన చోట్ల "ఎన్". ఉపపదము లేని షష్ఠిలో, పుం నపుంసకములందు, విశేష్యమే సకారమును ధరించును గనుక అచటను విశేషణము "ఎన్" తోనే తృప్తి నొందును: "రోటెన్ ప్ఫెఫర్స్".

"తో" అను అర్థమిచ్చు "మిట్" తరువాత డేర్ డేమ్ అగును, డీ డేర్ అగును. విద్యార్థులారా, "ఎఱ్ఱ మిరియముతో" అనుటకు "మిట్ డేమ్ రోటెన్ ప్ఫెఫర్", ఉపపదము లేక "మిట్ రోటెమ్ ప్ఫెఫర్" అని తెలిసెను గదా. ఇఁక "తెల్లని ప్రత్తితో" అనుదానిని రెండు విధములను మీరే వ్రాసి చూడుఁడు.