వేటలో పక్షి తగిలితే: చేయవలసినవి, చేయకూడనివి

నెత్తళ్లు, కవళ్లు ఎక్కడ పైకి తేలితే అక్కడికి బోటూ వస్తుంది, పక్షీ వస్తుంది. కింద నుంచి సూర చేపలు తరిమితే చిన్న చేప నీటి పైకి లేస్తుంది. టెర్న్ పక్షులు దాని మీదకు నిలువునా దూకుతాయి. ఆ గుంపును చూసే సరంగు బోటు తిప్పుతాడు. ప్రమాదం ఎక్కువగా వల, గేలం దించేటప్పుడు, లాగేటప్పుడు జరుగుతుంది. విశాఖ నుంచి నిజాంపట్నం దాకా వేటకు వెళ్లేవారు, కోరంగి తీరం చూడవచ్చేవారు ఈ సూచనలు పాటించండి.

చేయవలసినవి

• ఎర గుచ్చిన గేలాలు వెంటనే మునిగేలా బరువు కట్టి దించండి. పైన తేలే ఎరనే పక్షి అందుకుంటుంది.

• పక్షులు వెంటపడుతుంటే గేలాలు చీకటి పడ్డాక వేయండి. ఆల్బట్రాస్‌లు తిరిగే దక్షిణ సముద్రంలో, 25 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువన, రాత్రి వేట, గేలాలకు బరువు, పక్షుల్ని బెదరగొట్టే తాళ్లు అనే మూడింటిలో రెండైనా పాటించాలని హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2012లో నిబంధన పెట్టింది. మన బోట్లు అంత దూరం పోకపోయినా ఆ పద్ధతులు ఇక్కడా పనికొస్తాయి.

• చేప వ్యర్థాలను వల పూర్తిగా బోటులోకి వచ్చాకే పారబోయండి.

• పక్షి గేలానికి తగిలితే బోటు వేగం తగ్గించండి, తంగూసు వదులు చేయండి, చేతివలతో పైకి ఎత్తండి.

• ముట్టుకునే ముందు కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి. భయపడిన పక్షి కంటినే పొడవవచ్చు.

• తల మీద పొడి గుడ్డ కప్పండి. చీకటైతే అది నెమ్మదిస్తుంది.

• రెక్కలు మడిచి ఒంటికి ఆనించి పట్టుకోండి. ఒక్క రెక్క పట్టుకుంటే ఎముక విరుగుతుంది.

• గేలం చర్మంలో దిగితే మొన బయటికి వచ్చేదాకా ముందుకు నెట్టండి. ముల్లు కత్తిరించి, మిగిలిన కాడను వచ్చిన దారినే వెనక్కి తీయండి. బోటులో కటింగ్ ప్లయర్ ఎప్పుడూ ఉంచుకోండి.

• తుపాను తర్వాత ఒడ్డున సొమ్మసిల్లిన పక్షి కనిపిస్తే, గాలి ఆడేలా రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో ఉంచి అటవీ శాఖకు అప్పగించండి.

• చినిగిన వలలు, తంగూసు ముక్కలు ఒడ్డుకు తెచ్చేయండి.

• పక్షి గీరినా పొడిచినా గాయాన్ని సబ్బుతో కడిగి, టీటీ ఇంజక్షన్ గురించి డాక్టరును అడగండి.

• పక్షులు గుంపుగా చచ్చి పడి ఉంటే పశుసంవర్ధక శాఖకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మరవకండి.

చేయకూడనివి

• మింగిన గేలాన్ని లాగకండి. పేగు తెగుతుంది. తంగూసును నోటి దగ్గరగా కత్తిరించి, పశువైద్యుడికి చూపించండి.

• తంగూసు పొడుగ్గా వదిలి పక్షిని ఎగరనివ్వకండి. అది ఏ కొమ్మకో చుట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది.

• ముక్కు బిగించి కట్టకండి. తుపానుకు కొట్టుకొచ్చే బూబీ పక్షికి బయటికి ముక్కు రంధ్రాలే ఉండవు, నోటి మూలల నుంచే గాలి పీలుస్తుంది. కట్టినవాడు మంచి చేశాననుకుంటాడు, పక్షి చస్తుంది.

• నోట్లో నీళ్లు పోయకండి.

• నూనె అంటిన పక్షిని కిరోసిన్‌తో తుడవకండి.

• చచ్చిన పక్షిని ఒట్టి చేత్తో తీయకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

• ఇండియన్ స్కిమ్మర్‌లు చేరే కాకినాడ మొగల్లో సందెవేళ నీటి పైమట్టంలో తంగూసు వలలు కట్టకండి. పై ముక్కు కంటే పొడవైన కింది ముక్కును నీటిలో దించి కోసుకుంటూ పోవడమే దాని వేట. ఆపదలో ఉన్న జాతి అది.

• వేటకు ఎల్‌ఈడీ దీపాలు వాడకండి. కేంద్రం 2017లో నిషేధించింది.

• చిన్న కన్ను వలలతో నెత్తళ్లు, కవళ్లు ఊడ్చేయకండి. చిన్న చేపల నిల్వ గరిష్ఠ స్థాయిలో మూడో వంతుకు దిగితే పక్షులకు పిల్లలు దక్కడం తగ్గుతుందని 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. చిన్న చేప పోతే సూర కూడా దూరమవుతుంది.

• ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల నిషేధంలో మరబోటు దించకండి.

• ఆ ఎండల్లో ఇసుక తిన్నెల మీద నడవకండి, కుక్కల్ని వదలకండి. టెర్న్‌లు గూడు కట్టవు, ఇసుకలోనే గుడ్డు పెడతాయి. తల్లి లేచిపోతే గుడ్డు ఉడికిపోతుంది.

• సీగల్‌లకు కారప్పూస, చిప్స్ వేయకండి. వాటిలో చాలా పక్షులు లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి ఇక్కడ చలికాలం గడపడానికి వస్తాయి. తిరుగు ప్రయాణానికి వాటికి కావలసింది చేపే.

• పక్షి తగిలిన సంగతి దాచకండి. తేదీ, చోటు, గేలమా వలా అన్నది అటవీ సిబ్బందికి చెప్పండి. ఏ మొగలో, ఏ నెలలో తగులుతున్నాయో తెలియకపోతే ఎక్కడ జాగ్రత్త పడాలో ఎవరికీ తెలియదు.